ద్రాక్షాకుల్లో చుట్టిన శరత్కాలపు బ్లూ చీజ్: పాలు ఎంచుకోవడం నుంచి ఆకు విప్పేదాకా

అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రం, సెంట్రల్ పాయింట్ ఊరు. అక్కడి రోగ్ క్రీమరీ ఏటా శరత్కాలపు పాలతో మాత్రమే ఒక బ్లూ చీజ్ (లోపల నీలి బూజు నరాలుండే చీజ్) చేస్తుంది. దాని పేరు రోగ్ రివర్ బ్లూ. (పేరు చూసి కంగారు పడకండి, రోగ్ అనేది అక్కడి నది.) పియర్ బ్రాందీలో నానిన, సిరా (Syrah) అనే రకం ద్రాక్ష ఆకులు చుట్టి 9 నుంచి 11 నెలలు మాగబెట్టి, మరుసటి సెప్టెంబర్‌లో పగలూ రాత్రీ సమానమయ్యే వేళకి బయటికి తెస్తారు.

కింద చెప్పేది వాళ్ల సొంత వంటకం కాదు. ఆ తరహా చీజ్‌ని 8 లీటర్ల పాలతో, ఇంట్లో చేసుకునే క్రమం. గడ్డని చిదిమి ఉప్పు కలిపే పద్ధతి ఇంగ్లండ్‌లోని స్టిల్టన్ బ్లూ చీజ్‌ది. ఇంట్లో అదే తేలిక, ఉప్పు లెక్క తారుమారు కాదు.

అడిగేవాళ్లందరూ ఆకుల గురించే అడుగుతారు. ఆకు ఆఖరి పని. చీజ్ బాగుపడేదీ చెడిపోయేదీ మొదటి 24 గంటల్లో: పులుపు ఎంత ఎక్కింది, తేట (గడ్డ నుంచి విడిపోయే నీళ్లు) ఎంత దిగింది, లోపల గాలికి సందు మిగిలిందా. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం ఆ రోజు గురించే.

1. ఎప్పుడు మొదలుపెట్టాలి

- ఆకులు కోసి నానబెట్టడం: అమెరికాలో జూన్. దక్కన్‌లో ఏప్రిల్ కత్తిరింపు తర్వాత వచ్చే చిగురు ముదిరే మే–జూన్, లేదా అక్టోబర్ కత్తిరింపు తర్వాత నవంబర్ చివర.
- చీజ్ చేయడం: అక్కడ అక్టోబర్–నవంబర్. హైదరాబాద్‌లో నవంబర్ చివరి నుంచి జనవరి మధ్య దాకా.
- ఆకు చుట్టడం: చేసిన 7–8 వారాలకు.
- తెరవడం: ఆకు చుట్టాక 4–6 నెలలకు. ఇంట్లో చేసే చీజ్ చక్రం (గుండ్రటి దిమ్మ) చిన్నది, త్వరగా ఎండుతుంది కాబట్టి 11 నెలలు ఆగే పని పెట్టుకోకండి.

చలికాలమే ఎందుకంటే, మొదటి నాలుగైదు రోజులు చీజ్ 18–20 డిగ్రీల గదిలో తేట దిగాలి. విజయవాడ, విశాఖ వైపు డిసెంబర్‌లోనూ పగలు ఇంత చల్లగా ఉండదు. ఆ రోజులకి ఏసీ గది తప్పదు.

2. పాలు

కావలసింది 8 లీటర్ల చిక్కటి ఆవుపాలు. హోమోజనైజ్ చేయనివైతే, అంటే మీగడ విడిగా తేలే పాలైతే మంచిది. నెలల తరబడి నిలవుండే యూహెచ్‌టీ డబ్బా పాలు వద్దు. అంత వేడికి ప్రోటీన్ మారిపోయి, రెన్నెట్ (పాలని గడ్డకట్టించే ఎంజైమ్) వేసినా గట్టి గడ్డ కట్టదు.

పాడి ఇంటి నుంచి తెచ్చుకుంటే రెండు విషయాలు అడగండి. మొదటిది, ఆవు ఈని ఎన్నాళ్లయింది? శరత్కాలపు పాలలో వెన్న, ప్రోటీన్ ఎక్కువ. కానీ ఒట్టిపోవడానికి దగ్గరపడ్డ ఆవు పాలు చిక్కగా కనిపించినా గడ్డ మెత్తగా కడుతుంది, తేట సరిగా వదలదు. అలాంటివి సగానికి మించి కలపకండి. రెండోది, ఆవుకి ఈమధ్య యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఏమైనా వేశారా? ఆ మందు ఉన్న పాలలో తోడు పనిచేయదు. ముందురోజు ఒక గ్లాసు పాలు తోడుపెట్టి చూడండి. పెరుగు అవ్వని పాలు చీజూ అవ్వవు.

పచ్చిపాలైతే 63 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచి, గిన్నెని చల్లనీళ్లలో పెట్టి త్వరగా 30 డిగ్రీలకి దించండి. పొంగించకండి. అమెరికాలో పచ్చిపాల చీజ్‌ని 1.7 డిగ్రీలకి తగ్గకుండా కనీసం 60 రోజులు మాగబెట్టాలన్న నిబంధన ఉంది. 60 రోజులు దాటితే ప్రమాదమే లేదని దాని అర్థం కాదు. గర్భిణులకి, రోగనిరోధక శక్తి తక్కువున్న వాళ్లకి ఇంట్లో చేసిన బ్లూ చీజ్ అసలు పెట్టకండి, ఏ పాలతో చేసినా.

గేదెపాలతో అవుతుందా అంటే అవుతుంది, తెల్లగా వస్తుంది, రుచి బాగుంటుంది. అయితే గడ్డ త్వరగా, గట్టిగా కడుతుంది. రెన్నెట్ పావు వంతు తగ్గించండి, గడ్డ గట్టిపడటానికి వేసే కాల్షియం క్లోరైడ్ మానేయండి. మొదటిసారి మాత్రం ఆవుపాలతోనే చేయండి.

3. సరుకులు, సామాను

8 లీటర్లకి:

- మీసోఫిలిక్ (గోరువెచ్చని పాలలో పనిచేసే) తోడు పొడి, సువాసన రకం: పావు టీస్పూన్. ఇందులోని ల్యూకోనాస్టాక్ అనే బ్యాక్టీరియా గ్యాస్ వదిలి గడ్డలో సందులు చేస్తుంది, అవే బూజుకి దారులు.
- పెనిసిలియం రోక్‌ఫోర్టి (చీజ్‌లో నీలి నరాలు తెచ్చే బూజు) పొడి: టీస్పూన్‌లో పదహారో వంతు. ఎక్కువ వేస్తే ఎక్కువ నీలం రాదు, చేదు వస్తుంది.
- 30 శాతం కాల్షియం క్లోరైడ్ ద్రావణం: 2.5 మి.లీ., పావు కప్పు నీళ్లలో.
- రెన్నెట్, సింగిల్ స్ట్రెంత్ (మామూలు బలం) ద్రవం: 2.5 మి.లీ., పావు కప్పు చల్లటి నీళ్లలో. శాకాహారులు సూక్ష్మజీవుల నుంచి తీసిన మైక్రోబియల్ రకం తీసుకోండి. పొడి, బిళ్ల అయితే ప్యాకెట్ మీది లెక్క పాటించండి.
- అయోడిన్ లేని ఉప్పు. కళ్లుప్పు కదా అని ధీమాగా ఉండకండి, దానికీ అయోడిన్ కలుపుతున్నారు, ప్యాకెట్ చదవండి.

రెన్నెట్ కలిపే నీళ్లలో క్లోరిన్ ఉంటే రెన్నెట్ బలం పోతుంది. మున్సిపల్ నీళ్లు కాచి చల్లార్చండి.

సామాను: 10 లీటర్ల స్టీలు గిన్నె, థర్మామీటర్, పొడవాటి కత్తి, చిల్లుల గరిటె, పల్చటి నూలుగుడ్డ, 15 సెం.మీ. వెడల్పు, 12 సెం.మీ.కి తగ్గని ఎత్తు ఉన్న చిల్లుల అచ్చు, ప్లాస్టిక్ జల్లెడ చాపలు, 2–3 మి.మీ. మందం స్టీలు ఊచ, మూతున్న పెద్ద ప్లాస్టిక్ డబ్బా, గ్రాముల తూకం, పులుపు కొలిచే పీహెచ్ మీటర్. అన్నీ మరిగే నీళ్లలో 10 నిమిషాలు. అది కుదరనివాటికి సానిటైజర్.

మాగబెట్టడానికి 10–12 డిగ్రీల చోటు కావాలి. వైన్ ఫ్రిజ్ సరిపోతుంది. పాత ఫ్రిజ్‌కి బయటి థర్మోస్టాట్ తగిలించినా చాలు. ఇంట్లో అందరూ వాడే ఫ్రిజ్‌లో పెట్టాలనుకుంటే ఒక్క మాట: ఈ బూజు రేణువులు ఇడ్లీపిండి, పెరుగు, రొట్టె అన్నింటి మీదకీ చేరతాయి.

4. ఆకులు ముందే సిద్ధం చేయడం

అరచేయంత వెడల్పు, ముదరని, చిల్లుల్లేని ఆకులు 25. చక్రానికి రెండు పొరలకి 16–18 పడతాయి, మిగతావి చిరిగితే పనికొస్తాయి.

మందు కొట్టని తీగ నుంచే కోయండి. ద్రాక్షతోటల్లో శిలీంధ్ర మందులు కొడుతూనే ఉంటారు. ఆ ఆకు తినడానికీ పనికిరాదు, మందు మిగిలి ఉంటే మీ బూజునీ చంపుతుంది. పెరటి పందిరి ఉన్నవాళ్లని అడగండి. దొరక్కపోతే ఉప్పునీళ్లలో ఊరిన సీసా ఆకులు వాడండి, మూడు నీళ్లు మార్చి ఉప్పు వదిలించాక.

1. కాడ మొదలంటా కత్తిరించండి.
2. లీటరు నీళ్లకి 30 గ్రాముల ఉప్పు వేసి మరిగించి, ఆకుల్ని ఒక నిమిషం ముంచి తీసి చల్లనీళ్లలో వేయండి.
3. గుడ్డతో తడి అద్ది, గాజు సీసాలో పేర్చి, మునిగేదాకా 40 శాతం ఆల్కహాల్ ఉన్న పియర్ బ్రాందీ పోయండి. తీపి కలిపిన లిక్కర్ వద్దు, చక్కెరకి వేరే బూజు పడుతుంది.
4. ఫ్రిజ్‌లో కనీసం రెండు వారాలు. ఆర్నెల్లున్నా ఏం కాదు.

మద్యం వద్దనుకునేవాళ్లు ఆకుల్ని 8 శాతం ఉప్పునీళ్లలో ఊరవేసి వాడొచ్చు. పండు వాసన రాదు, చీజ్‌కి లోటేమీ ఉండదు. స్పెయిన్‌లో వల్దెయోన్ చీజ్‌కి మేపుల్ జాతి ఆకులు చుడతారు, అందులో బ్రాందీ లేదు. అరటాకు పెట్టొచ్చా అంటే, పెట్టకండి: దాని మైనపు పొర తేమని వదలదు, ఎండితే ఈనె వెంట చీలుతుంది.

5. మొదటి రోజు: పాల నుంచి గడ్డ దాకా

1. పాలు 30 డిగ్రీలకి తేండి. తోడు పొడి, బూజు పొడి పైన చల్లి 5 నిమిషాలు కదపకుండా వదలండి. ఆ తర్వాత గరిటెతో కింది నుంచి పైకి 20 సార్లు కలపండి.
2. మూతపెట్టి 60 నిమిషాలు అదే వేడిలో ఉంచండి. గోరువెచ్చని నీళ్ల తొట్టిలో గిన్నె పెడితే వేడి నిలుస్తుంది.
3. కాల్షియం క్లోరైడ్ కలపండి. తర్వాత రెన్నెట్ పోసి ఒక నిమిషం కలిపి, పాల కదలిక ఆపేయండి.
4. చిన్న ప్లాస్టిక్ గిన్నెని పాల మీద తేలేలా వదలండి. వేలితో తడితే గిర్రున తిరుగుతుంది. రెండు నిమిషాలకోసారి తట్టండి. తిరగడం మానేసి అంటుకున్నట్టు ఆగిపోయిన క్షణం, రెన్నెట్ వేసినప్పటి నుంచి ఎన్ని నిమిషాలైందో చూసి, దాన్ని 4తో గుణించండి. 14 నిమిషాలకి ఆగితే 56వ నిమిషంలో కోయాలి. గడియారం మీద గుడ్డిగా గంట పెట్టుకోవడం కన్నా ఇది నమ్మకం, ఎందుకంటే పాలు ఏ రోజుకారోజు వేరు.
5. కోసేముందు చూపుడువేలు ఏటవాలుగా గుచ్చి పైకెత్తండి. జున్ను ముక్కలా నీటుగా చీలి, చీలికలో లేతాకుపచ్చ తేట ఊరాలి. తెల్లటి పాలు ఊరితే ఇంకో 10 నిమిషాలు.
6. 2 సెం.మీ. ఘనాలుగా కోసి 10 నిమిషాలు వదిలేయండి. ఈ విరామం మానేస్తే ముక్కల అంచులు చిరిగి, వెన్న తేటలోకి పోతుంది.
7. 40 నిమిషాల పాటు, 5 నిమిషాలకోసారి మెల్లగా కలపండి. వేడి 30–31 దాటకూడదు. ముక్కల మూలలు గుండ్రమై, పైన పల్చటి పొర కట్టాలి. గుప్పెట్లో తీసుకుని మెత్తగా నొక్కితే అంటుకోవాలి, బొటనవేలితో తోస్తే మళ్లీ విడిపోవాలి. అంటుకుని ముద్దయిపోతే ఇంకా తేట ఉందన్నమాట, మరో పది నిమిషాలు కలపండి.
8. తేట వంచేసి, గడ్డని గుడ్డలో పోసి మూటకట్టి గంటసేపు వేలాడదీయండి. పిండకండి. పన్నీరు అలవాటు ఉన్న చేతులకి ఇక్కడే ఆగడం కష్టం. బరువు పెట్టారా, గాలి సందులన్నీ మూసుకుపోతాయి.
9. మూటని జల్లెడలో పెట్టి, 20–22 డిగ్రీల చోట రాత్రంతా వదిలేయండి. రెండు మూడు సార్లు తిప్పండి.

తెల్లారేసరికి పీహెచ్ 4.6–4.8 ఉండాలి (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ). 5 కన్నా పైన ఉంటే ఇంకో మూడు నాలుగు గంటలు ఆగండి. పులుపు ఎక్కకముందే ఉప్పు పడితే తోడు నెమ్మదించి, తేట లోపలే ఉండిపోతుంది. మీటర్ లేకపోతే రుచి చూడండి: గడ్డ కట్టిన పెరుగులో ముక్క తిన్నంత స్పష్టమైన పులుపు.

6. రెండో రోజు: చిదమడం, ఉప్పు, అచ్చు

గడ్డని తూచండి. 8 లీటర్లకి సుమారు 1.1–1.3 కిలోలు రావాలి. కిలోన్నర దాటితే తడి ఎక్కువ, ఇంకో రెండు గంటలు వేలాడదీయండి.

చేత్తో చిన్న ఉసిరికాయలంత ముక్కలుగా చిదమండి. పొడి చేయకండి. బరువులో 2.8 శాతం ఉప్పు, అంటే 1,200 గ్రాములకి 34 గ్రాములు, రెండు విడతలుగా చల్లి, ముక్కలు నలగకుండా కలపండి.

అచ్చులో వదులుగా నింపండి. అంచుల్లో చిన్న ముక్కలు, మధ్యలో పెద్దవి. నొక్కకండి. దాని బరువే దానికి చాలు.

- మొదటి గంట: 15 నిమిషాలకోసారి తిరగేయడం
- ఆ రోజు మిగతా సమయం: గంటకోసారి
- తర్వాత 4 రోజులు, 18–20 డిగ్రీల్లో: రోజుకి రెండుసార్లు, చాప మార్చి

7. ఆరో రోజు: పైభాగం మూయడం

అచ్చులోంచి తీసిన చక్రం పక్కలు రాళ్లు పేర్చిన గోడలా గతుకుగా ఉంటాయి. వెన్న రాసే కత్తిని గోరువెచ్చని నీళ్లలో ముంచి, అటూ ఇటూ మెత్తగా రుద్ది సందులు పూడ్చండి. ఇది అందం కోసం కాదు. గాలి మీరు ఊచ గుచ్చిన రోజు మాత్రమే లోపలికి పోవాలి. సందులుంటే అంచు దగ్గర ముందే నీలమై, మధ్య తెల్లగా మిగులుతుంది.

డబ్బాలో చాప వేసి పెట్టండి. చీజ్ డబ్బాలో సగం కూడా నిండకూడదు. 10–12 డిగ్రీలు, 90–95 శాతం తేమ. రోజూ తిరగేసి, అడుగున చేరిన నీళ్లు తుడవండి. మూత లోపల మంచులా చెమ్మ ఉంటే సరే, బొట్లుగా చీజ్ మీద పడుతుంటే మూత కాస్త తెరిచి ఉంచండి.

8. గుచ్చడం

చేసిన రోజు నుంచి లెక్కేసి 14వ రోజు. ఊచని మరిగించి చల్లార్చి, పైనుంచి అడుగుదాకా నిటారుగా 2 సెం.మీ. దూరంలో 30 దాకా రంధ్రాలు చేయండి. ఊచ తీసేటప్పుడు కొంచెం తిప్పుతూ తీయండి, లేకపోతే రంధ్రం వెంటనే మూసుకుంటుంది.

పెనిసిలియం రోక్‌ఫోర్టి తక్కువ ఆక్సిజన్‌తోనే బతుకుతుంది, అసలు లేకుండా పెరగదు. రంధ్రాల పని గాలి పంపడమూ, లోపల చేరిన కార్బన్ డయాక్సైడ్‌ని వదలడమూ. వారంలోపు రంధ్రాల నోళ్ల దగ్గర నీలం కనిపించాలి. 28వ రోజు మూసుకున్నవాటిని మళ్లీ గుచ్చండి. మూడోసారి వద్దు, ఎండిపోతుంది.

ఈ వారాల్లో చీజ్ పైన నీలం, తెలుపు, బూడిద రంగులు రావడం మామూలే. వారానికోసారి 5 శాతం ఉప్పునీళ్లలో పిండిన గుడ్డతో తుడవండి, అంతే.

9. ఆకు చుట్టడం

ఏడెనిమిది వారాలకి సన్నటి ఆపిల్ కోరర్‌తో ఒక ముక్క తీసి చూడండి. మధ్యదాకా నీలి నరాలు రావాలి, ముక్క వేళ్ల మధ్య నలిపితే మట్టిలా రాలకుండా వెన్నలా సాగాలి. రాకపోతే ఆకు చుట్టకండి, ఇంకో రెండు వారాలు ఆగండి. చుట్టాక గాలి తగ్గుతుంది, ఆ తర్వాత నీలం పెద్దగా పెరగదు. తీసిన ముక్కలో పై కొసని తిరిగి రంధ్రంలో పెట్టి మూయండి.

1. కత్తి వీపుతో పై జిగటంతా గీకి, రెండు గంటలు ఆరనివ్వండి.
2. ఆకుల్ని సీసాలోంచి తీసి, గుడ్డ మధ్య నొక్కి తడి తీయండి. బ్రాందీ కారుతూ ఉంటే ఆకు కింద మడుగు కట్టి చీజ్ పై పొర కరిగిపోతుంది. ఎక్కువమంది చెడగొట్టుకునేది ఇక్కడే.
3. అడుగుకి మూడు ఆకులు. తర్వాత పక్కలకి, విస్తరి కుట్టేటప్పుడు ఆకు మీద ఆకు వేసినట్టే, మూడో వంతు కప్పుతూ చుట్టూ రండి. నున్నటి వైపు చీజ్‌కి, ఈనెలు బయటికి.
4. పైన మూడు ఆకులు. మొదటి పొర అతుకుల మీద రెండో పొర ఆకు మధ్యభాగం పడేలా చూసుకోండి. ఆకు కింద గాలిబుడగ మిగలకుండా అరచేత్తో నిమరండి.
5. మరిగించి ఆరబెట్టిన అరటినార కానీ నూలుదారం కానీ నిలువునా అడ్డంగా కట్టండి. రబ్బరుబ్యాండు వద్దు.

10. మాగబెట్టడం

చీజ్ పేపర్‌లోనో బటర్ పేపర్‌లోనో వదులుగా చుట్టి, డబ్బాలో 3–5 డిగ్రీల్లో పెట్టండి. వారానికోసారి తిరగేయడం. నెలకోసారి కాగితం విప్పి, ఆకు ఎండి పెళుసెక్కితే ఒక టీస్పూన్ బ్రాందీ కుంచెతో రాయడం. ఇంతకుమించి దాన్ని ముట్టుకోకండి.

11. ఏది చెడితే ఏం చేయాలి

లోపల నీలం లేదు. గడ్డ తడిగా ఉండి సందులు మూసుకున్నాయి, లేదా అచ్చులో నొక్కారు. ఇప్పుడు చేయగలిగింది మళ్లీ గుచ్చి 12 డిగ్రీల్లో రెండు వారాలు ఉంచడమే. వచ్చేసారి ఐదో విభాగం ఏడో మెట్టు దగ్గర ఓపిక పట్టండి.

చేదు. బూజు పొడి ఎక్కువైంది, రెన్నెట్ ఎక్కువైంది, లేదా ఉప్పు తగ్గింది. కొద్దిపాటి చేదు మూడు నెలల చల్లటి నిల్వలో తగ్గవచ్చు. నాలుకకి పట్టుకుంటే ఇక తగ్గదు.

నల్లటి, పిల్లి వెంట్రుకల్లాంటి బూజు. గది తేమ మరీ ఎక్కువ, గాలాడటం లేదు. ఉప్పు అద్ది నొక్కి తుడవండి, దులిపితే అంతా పరుచుకుంటుంది. డబ్బా కడిగి మార్చండి.

పైన గులాబీ, నారింజ జిగురు. ఉప్పునీళ్లతో తుడిచి, తేమ 85–90కి తగ్గించండి. వాసన సాక్సుల్లా ఉంటే ఫరవాలేదు. కుళ్లిన వాసన ఉండి, జిగురు లోపలికి దిగితే పారేయండి.

ఘాటైన అమ్మోనియా. విప్పి రెండు గంటలు గాలికి పెట్టండి. పోతే మంచిదే. కోసిన ముక్కలోనూ కళ్లు మండితే అతిగా మాగింది.

మూడో రోజే చక్రం ఉబ్బి, స్పాంజిలా చిన్నచిన్న చిల్లులు. పాలలోనో సామానులోనో కోలిఫామ్ అనే చెడు బ్యాక్టీరియా చేరింది. ఇది బాగుచేసేది కాదు, రుచి కూడా చూడకండి.

12. తెరవడం

ముందురోజు కోసి పెట్టకండి. ఫ్రిజ్‌లోంచి తీసి గంట ఆగండి, హైదరాబాద్ వేసవిలో అరగంట చాలు. ఆకులు పూర్తిగా ఒలవకుండా, సన్నటి కత్తిని వేడినీళ్లలో ముంచి తుడిచి, ఆకుతో సహా మధ్య నుంచి అంచుకి త్రికోణంగా కోయండి; అప్పుడు ప్రతి ముక్కకీ మెత్తటి మధ్యా, బ్రాందీ పట్టిన అంచూ వస్తాయి. ఆకు తినొచ్చు, నమలడానికి గట్టిగా ఉంటే ఒలిచేయండి. పండిన పియర్ ముక్కో, తేనె చుక్కో చాలు. మిగిలిన చీజ్ కోసిన ముఖానికి ఆ ఒలిచిన ఆకునే అద్ది, పైన కాగితం చుట్టి పెడితే మూడు వారాలు నిలుస్తుంది.